సోమవారం రిపోర్టు

పోయిన వారం తాళాలమ్మను మూడో అంతస్తులో, మీటింగు గది తలుపు బయట నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపలికి రమ్మని ఇప్పుడే పిలిచారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఈమె ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగంలో పనిచేస్తుంది. అక్కడి మూడువందల పైచిలుకు కంప్యూటర్ల దగ్గరికి మనిషి వెళ్ళి చేయాల్సిన పనులను, మనిషి లేకుండానే చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేషెంట్ల రికార్డులకు నకళ్ళు తీయడం, లాబ్ రిపోర్టులను డాక్టర్లకు చేరవేయడం, అన్నీ అదే చూసుకుంటుంది. దాన్ని నడిపేది మన తాళాలమ్మ. అన్ని గదుల్లోకీ దూరి పనిచేసేవాడి చేతిలో అన్ని గదుల తాళంచెవులూ ఉండాలి కదా. అలాగే ఆ సాఫ్ట్‌వేర్ దగ్గర అన్ని పాస్‌వర్డులూ ఉన్నాయి. వాటిని ఎవరికీ అర్థంకాని గజిబిజిగా మార్చి దాచుకునే సదుపాయం కూడా దాన్లోనే ఉంది. కానీ దాన్ని ఎవరూ వాడటం లేదు. పాస్‌వర్డులన్నీ చాకలిపద్దు రాసినంత తేటగా, ఉన్నవి ఉన్నట్టుగా, అక్షరం పొల్లుపోకుండా పడి ఉన్నాయి. ఈమె ఆ సంగతి కనిపెట్టి పదకొండు నెలలుగా "తాళం వేద్దాం, తాళం వేద్దాం" అని మొత్తుకుంటోంది. అందుకని ఆఫీసు ఆమెకు తాళాలమ్మ అని పేరు పెట్టింది. తాళం మాత్రం వేయలేదు.

ఇక గొడవ సంగతి. పిల్లలకు ఈత నేర్పే కోచ్ ఒకాయన ఒకప్పుడు ఈ ఆసుపత్రిలోనే మూర్ఛకు వైద్యం చేయించుకున్నాడు. నయమైంది. నిక్షేపంగా నీళ్ళలోకి దిగొచ్చని డాక్టరు రాసి కూడా ఇచ్చాడు. ఆ చివరి కాగితం తీసేసి, దాని ముందున్న కాగితాలను మాత్రం ఎవరో ఈతకొలను నోటీసు బోర్డుకు అంటించారు. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. ఈతకొలనువాళ్ళు కోచ్‌నే మాన్పించారు. ఆయన రికార్డును తెరిచిందెవరని వెతికితే ఆసుపత్రి కంప్యూటర్లో కనబడిన పేరు 'ఆటో'. అది మనిషి పేరు కాదు, ఆ సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్ళేటప్పుడు వాడే పేరు. ఆ పేరుకు బాధ్యురాలు తాళాలమ్మ. సాయంత్రం నాలుగింటిలోగా "నా వల్లే జరిగింది" అన్న కాగితం మీద ఆమె సంతకం పెట్టాలి. పెట్టిందంటే ఆమెకు దొంగ అన్న పేరు పడుతుంది. ఆ తర్వాత ఏ ఆఫీసూ ఆమె చేతికి ఒక్క తాళంచెవి కూడా ఇవ్వదు.

ఇప్పుడు సమయం మూడు దాటి పది నిమిషాలు.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలుంటాయి. వాటిలో ఒకదానికి ఒక చక్రం ఊడి రెండేళ్ళయింది. ఆఖరున వచ్చినవాళ్ళకు అదే దక్కుతుంది. తాళాలమ్మ అందులో కూర్చుంది. న్యాయం అడగడానికి వచ్చిన మనిషి ఎడంపక్కకు ఒరిగి అడగాల్సి వచ్చింది.

బల్లకు ఆ చివర హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆడిటరమ్మ ఉంది. యాభై దాటిన మనిషి, కత్తిరించిన జుట్టు, ముందు ఒక ఫైలు, ఒక పెన్సిలు. ఆమె పక్కన విభాగం పెద్ద, అంటే తాళాలమ్మ పైఅధికారి. ఆయన్ని వెనకాల అందరూ రేపు సారు అంటారు. ఎందుకంటారో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. కిటికీ దగ్గర, బల్లకు దూరంగా, కోచ్ కూర్చున్నాడు. ఫిర్యాదు చేసినవాడు కాబట్టి విచారణ వినే హక్కు ఆయనకుంది. భుజాలు గది తలుపంత వెడల్పున్న మనిషి. పది రోజుల్లో ఆ భుజాలు వాలిపోయాయి.

"ఇవి మీరు రాసిన మెయిళ్ళేనా?" అంది ఆడిటరమ్మ, ఆరు కాగితాలు బల్ల మీద పరుస్తూ.

"నావేనండి. ఆరు రాశాను. నోటితో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు."

"జవాబులు కూడా చదువుతాను. మొదటిదానికి 'చూద్దాం'. రెండోదానికి 'వచ్చే నెల చూద్దాం'. మూడోదానికి 'గుర్తు చెయ్'. నాలుగోదానికి 'గుర్తుంది'. ఐదోదానికి 'రేపు మాట్లాడదాం'." ఆడిటరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఆరోదానికి బొటనవేలు బొమ్మ."

రేపు సారు గొంతు సవరించుకున్నాడు. "నేను వద్దనలేదు మేడం. ఆ ఆరింటిలో ఒక్కదాన్లో అయినా వద్దని ఉందా చూడండి."

తాళాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. వద్దని అని ఉంటే బాగుండేది. వద్దన్న మనిషితో పోట్లాడొచ్చు, పైవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. సరే సరే అంటూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న మనిషిని ఏంచేయాలి? పదకొండు నెలలు గోడతో మాట్లాడినా ఈపాటికి పెచ్చు ఊడేది.

"సార్, ఆ సదుపాయం ఆన్ చేయడానికి ఒక్క పూట చాలన్నాను. ఒక్క పూట పనులు ఆపుదామన్నాను."

"ఇది ఆసుపత్రి అమ్మా. పనులు ఆపితే లాబ్ రిపోర్టులు ఎలా వెళ్తాయి?"

"ఆదివారం ఆపుదామన్నాను కదా సార్."

"ఆదివారమైతే జనం రోగాలు మానేస్తారా?"

"మానేయరు సార్. కానీ ఒక్క పూట రిపోర్టుల్ని మనుషులు మోసుకెళ్ళేవాళ్ళు. ఈ సాఫ్ట్‌వేర్ రాకముందు మోయలేదా? ఇదిగో, ఇప్పుడాయన బతుకు మోసుకుని మన దగ్గరికి వచ్చారు, చూడండి."

ఆ మాటకు అందరూ కిటికీ వైపు చూశారు. కోచ్ మాత్రం ఎవరి వైపూ చూడలేదు.

"మేడం, ఒక మాట చెప్పనా?" అన్నాడు మెల్లగా. "మీలో ఎవరు ముందు చెప్పారు, ఎవరు వినలేదు అనేది మీ ఇంటి గొడవ. మీ ఆరు ఉత్తరాలూ నాకేం పనికొస్తాయండీ? నా కాగితాలు గోడెక్కాయి. నేను చేత్తో పట్టుకుని ఈత నేర్పిన పిల్లాడు నన్ను చూసి వాళ్ళమ్మ వెనక్కి దాక్కున్నాడు. అది చేసిందెవరో చెప్పండి. అంతవరకే."

ఆరు మెయిళ్ళ ప్రింట్లు గుండెకు అడ్డం పెట్టుకుని వచ్చిన మనిషి తాళాలమ్మ. తను చెప్పింది నిజమని రుజువైతే చాలనుకుంది. ఆయనకు కావాల్సింది అది కాదు. ఆ సంగతి ఇన్ని రోజులూ తట్టనందుకు సిగ్గేసింది.

ఆడిటరమ్మ పెన్సిలు తిప్పుతూ ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఆవిడకు అరుపులు రావు, అడగడమే వచ్చు.

"రికార్డు తెరిచింది బుధవారం, మధ్యాహ్నం మూడింటికి. ఆసుపత్రి లోపలి నుంచి కాదు, బయటి నుంచి. డాక్టర్లు ఇంటి దగ్గర నుంచి రికార్డులు చూసుకునే దారి ఉంది కదా, ఆ దారిలో. ఆ రోజు మీరు సగం పూట సెలవులో ఉన్నారు."

"మా అమ్మాయికి పన్ను తీయించడానికి వెళ్ళానండి. పళ్ళ డాక్టర్ని అడగండి."

"అడిగాను. వెళ్ళారు. కానీ ఫోను చేతిలో ఉంటే ఎక్కడి నుంచయినా తెరవచ్చు. సరే, అది పక్కన పెట్టండి. 'ఆటో' పాస్‌వర్డును ఆఖరుసారి ఎప్పుడు మార్చారు?"

"నాలుగేళ్ళయింది." తాళాలమ్మ తల దించుకుంది. "అదొక్కటి మారిస్తే నలభై పనులు ఆగిపోతాయి. ఒక్కొక్క పనిలోకి వెళ్ళి చేత్తో మార్చాలి. అందుకే తాళం వేసి, అన్నీ ఒకే చోట పెడదామని మొత్తుకున్నాను."

"ఆ పాస్‌వర్డు కంటికి కనిపించే చోటికి ఎంతమంది వెళ్ళగలరు?"

"ఆరుగురం."

"ఆ ఆరుగురినీ చూశాను. మిగతా ఐదుగురూ ఆ వేళకి ఇక్కడే, మీ సారుతో మీటింగులో ఉన్నారు." ఆడిటరమ్మ పెన్సిలు కింద పెట్టింది. "సాఫ్ట్‌వేర్ లోపల ఉన్న వివరాలు ఏ విధంగానైనా బయటికి వెళ్తాయా? ప్రింటు తీయడం, కాపీ చేయడం, ఎవరికైనా పంపడం?"

"వెళ్ళవండి," అంది తాళాలమ్మ టక్కున.

అని, అలాగే ఉండిపోయింది.

ఒక మనిషి ముఖంలో రక్తం ఎలా ఇంకిపోతుందో ఆ గదిలో ముగ్గురూ చూశారు. ఒరిగిన కుర్చీలో ఆమె నిటారుగా కూర్చోవడానికి ప్రయత్నించింది. కుర్చీ ఒప్పుకోలేదు.

"ఏంటమ్మా?" అన్నాడు రేపు సారు.

"సోమవారం రిపోర్టు," అంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, అంటే నాలుగేళ్ళ కిందట, ఆమె ముచ్చటపడి చేసిన పని అది. అంతకు ముందు ప్రతి సోమవారం ఒక గుమస్తా, పోయిన వారం ఏ పని సరిగ్గా నడిచింది, ఏది ఆగింది అని పట్టిక రాసి అన్ని విభాగాలకూ పంపేవాడు. అతనికి సగం రోజు పట్టేది. తాళాలమ్మ దాన్ని కూడా సాఫ్ట్‌వేర్ చేతికే అప్పగించింది. సోమవారం తొమ్మిది కొట్టేసరికి రిపోర్టు దానంతటదే తయారై, దానంతటదే నలభై ఆరు మందికి వెళ్ళిపోతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. కొత్త ఉత్సాహంలో ఆమె ఇంకో పని కూడా చేసింది. ఎవరికైనా అవసరం పడొచ్చు, ఎందుకైనా మంచిది అనుకుని, ప్రతి పని తాలూకు పూర్తి వివరాలను రిపోర్టు వెనకాల జతచేయమంది.

పూర్తి వివరాలు అంటే పూర్తి వివరాలే. ఏ కంప్యూటర్, ఏ వేళ, ఏ పేరు, ఏ పాస్‌వర్డు.

ఇదంతా ఆమె వాళ్ళకు వివరంగా చెప్పింది. చెప్పకుండా ఉండొచ్చు. రేపు సారుకు ఆ రిపోర్టులో ఏముందో తెలియదు, ఆడిటరమ్మకు అలాంటి రిపోర్టు ఒకటుందనే తెలియదు. ఆ క్షణంలో ఊరుకుని ఉంటే ఊరుకుందన్న సంగతి కూడా ఎవరికీ తెలిసేది కాదు. కానీ కిటికీ దగ్గర ఆ మనిషి ఉన్నాడు. చెప్పేసింది.

"తెరవండి," అంది ఆడిటరమ్మ.

గోడ మీద తెర నీలంగా వెలిగింది. మొన్నటి సోమవారం రిపోర్టు, ముప్ఫై నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఆకుపచ్చ టిక్కులు, చక్కటి పట్టిక. పంతొమ్మిదో పేజీలో రికార్డుల విభాగం. పేరు: ఆటో. దాని కిందే పాస్‌వర్డు. పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు, నియమాలన్నీ పాటించి ముద్దుగా కూర్చుని ఉంది. ఎవరూ ఊహించలేని పాస్‌వర్డు పెట్టానని అప్పట్లో ఎంత పొంగిపోయిందో! ఊహించాల్సిన అవసరం ఎవరికీ లేకుండా తనే వారం వారం పంచిపెట్టింది. ఇంటిల్లిపాదికీ తలుపు గడియ గురించి పాఠాలు చెప్పి, తనే దొడ్డి తలుపు తీసిపెట్టుకుని పడుకున్నట్టయింది. పదకొండు నెలలు ఊరందరి మీదా అరిచిన నోటితో ఇప్పుడు తనను తాను ఏమని తిట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"తాళం వేసి ఉంటే?" అని అడిగింది ఆడిటరమ్మ.

"ఇక్కడ గజిబిజి అక్షరాలు పడేవి. ఈ కాగితం ఎవరి చేతికి చిక్కినా చదవలేకపోయేవాళ్ళు."

"అంటే తప్పు మీదా, మీ సారుదా?"

"ఇద్దరిదీనండి," అంది తాళాలమ్మ.

రేపు సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "మేడం, అసలా రిపోర్టు ఎవరు చూస్తారండీ? నాలుగేళ్ళలో నేనే ఒక్కసారి తెరవలేదు."

"మీరే తెరవలేదా?"

"అంటే... తీరిక..." అని ఆగిపోయాడు. తన నోటితో తనే ఏం ఒప్పుకున్నాడో అప్పటికి తలకెక్కింది.

ఆడిటరమ్మ లేచింది. "ముందు ఆ 'ఆటో' పేరును ఆపించాలి. సూపరింటెండెంటు అనుమతి తెస్తాను. ఈలోగా రిపోర్టు ఎవరెవరికి వెళ్తోందో ఆ జాబితా తెరిచి పెట్టండి."

"లాబ్ రిపోర్టులు ఆగిపోతాయి మేడం!" అన్నాడు రేపు సారు అలవాటు కొద్దీ.

"ఆగనివ్వండి. మనుషులు మోస్తారు," అని ఆవిడ వెళ్ళిపోయింది. కోచ్ కూడా మంచినీళ్ళ కోసం వరండాలోకి వెళ్ళాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. తాళాలమ్మ జాబితా తెరిచింది. నలభై ఆరు చిరునామాలు, అన్నీ ఆఫీసువి. కిందికి జరిపింది.

నలభై ఏడోది ఒకటుంది.

అది ఆఫీసుది కాదు. ఆమె ఇంటిది. హాల్లో ఉన్న కంప్యూటర్లో అందరికీ కలిపి ఒకటే పెట్టుకున్న మెయిలు. కరెంటు బిల్లులు, కూతురి స్కూలు నోటీసులు, అన్నీ దానికే వస్తాయి. రిపోర్టు సరిగ్గా వెళ్తోందో లేదో ఇంటి నుంచి చూసుకుందామని మొట్టమొదటి వారం తనే చేర్చింది. రెండు వారాల్లో తీసేద్దామనుకుంది. అనుకున్న సంగతే మరచిపోయింది. ఆయన్ని రేపు సారు అని వెక్కిరించిన మనిషి రెండు వారాల పనిని నాలుగేళ్ళు రేపటికి వాయిదా వేసింది.

రేపు సారు కూడా చూశాడు. ఆయన కళ్ళు ఆ వరుస మీదే ఆగిపోయాయి.

"ఇది నీ ఇంటిదా?"

"అవును సార్."

ఆయన తలుపు వైపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "తీసెయ్."

"ఏంటి సార్?"

"ఆ ఒక్క వరుస తీసెయ్ అమ్మా. నలభై ఆరే ఉన్నాయనుకుంటారు. నలభై ఆరు మంది మీద పడి వెతుక్కుంటారు, వాళ్ళకేం దొరుకుతుంది? ఇది కనబడిందనుకో, నువ్వే ఇంటికి పంపుకున్నావంటారు. నీతో పాటు నేనూ పోతాను. ఏడాదికోసారి ఈ జాబితా సరిగ్గానే ఉందని సంతకం పెట్టింది నేనే. చదవకుండా పెట్టాను. ఆవిడ వచ్చేలోపు తీసెయ్. ఇప్పుడే."

నాలుగేళ్ళలో ఆయన నోట 'ఇప్పుడే' అన్న మాట వినడం తాళాలమ్మకు ఇదే మొదటిసారి. మంచి పనికి రేపు, పాడు పనికి ఇప్పుడు. నవ్వొచ్చింది, కోపం వచ్చింది. అన్నిటికంటే ముందు, దాచడమెందుకు, ఆశ కూడా వచ్చింది. ఒక్క మీట నొక్కితే చాలు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. కూతురు స్కూల్లో తలెత్తుకుని తిరుగుతుంది. వేలు మీట మీదికి వెళ్ళింది కూడా.

తలుపు తెరుచుకుంది. కోచ్ రెండు గ్లాసులు పట్టుకుని వచ్చాడు. ఒకటి ఆమె ముందు పెట్టాడు. "ఇందాక మీ ముఖం చూస్తే భయమేసిందండీ. తాగండి," అని కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ఆ నీళ్ళు తాగలేకపోయింది.

ఆడిటరమ్మ తిరిగొచ్చి కుర్చీలో కూర్చునేలోపే చెప్పేసింది. "నలభై ఏడు చిరునామాలున్నాయండి. ఆఖరిది మా ఇంటిది. నేనే పెట్టాను, నేనే మరచిపోయాను."

రేపు సారు కళ్ళు మూసుకున్నాడు.

ఆడిటరమ్మ మళ్ళీ పెన్సిలు అందుకుంది. "ఇంట్లో ఆ మెయిలు ఎవరెవరు చూస్తారు?" అంది.

"మా ఆయన అసలు చూడరు. మా అమ్మాయి స్కూలు నోటీసుల కోసం చూస్తుంది. మా అత్తగారు..." తాళాలమ్మ ఆగింది. "మా అత్తగారు చూస్తారేమో, తెలియదు."

"ఫోన్ చేయండి. అందరికీ వినబడేలా పెట్టండి. ఏం జరిగిందో చెప్పకండి, మామూలుగా అడగండి."

అత్తగారి గురించి రెండు మాటలు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దారు. ఉద్యోగం అయిపోయినా చేతిలో ఎర్ర పెన్సిలు అయిపోలేదు. మందు సీసాతో వచ్చే చీటీ కూడా దిద్దకుండా పారేయరు. మధ్యాహ్నం పూట ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు.

రెండు రింగులకే ఎత్తారు.

"ఏంటమ్మాయ్, ఈ వేళప్పుడు చేశావు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది అత్తయ్యా. ఒక చిన్న సంగతి. మన మెయిలుకి సోమవారం సోమవారం మా ఆఫీసు నుంచి ఒక రిపోర్టు వస్తోందా?"

"వస్తుందిగా, తొమ్మిదింటికి. పోయిన నెల ఒకసారి పదింటికి వచ్చింది. ఏమైందా అని ఒకటే కంగారుపడ్డాను."

తాళాలమ్మ బల్ల అంచు పట్టుకుంది. "మీరు చూస్తారా దాన్ని?"

"చూడ్డమేంటమ్మాయ్, చదువుతాను! తెర మీద అక్షరాలు నాకు ఆనవు, అందుకని ప్రింటు తీసుకుంటాను. నాలుగేళ్ళవీ ఒక్కటి పోకుండా ఫైళ్ళు కట్టి పెట్టాను. నాకు అర్థం కాకపోతేనేం, నువ్వు చేసిన పని కదా."

ఇంట్లో ప్రింటరు ఇంకు నిలవడం లేదని కూతుర్ని ఎన్నిసార్లు తిట్టిందో తాళాలమ్మకు గుర్తొచ్చింది. నలభై ఆరు మంది కన్నెత్తి చూడని రిపోర్టును లోకంలో ఒక్క మనిషి, పెన్సిలు పట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఆ మనిషి అత్తగారు. ఇంకో రోజైతే ఈ మాటకు ఆవిడను కావలించుకుని ఏడ్చేది.

"చాలా శుభ్రంగా ఉంటుంది నీ పని," అంటున్నారు అత్తగారు. "కానీ పంతొమ్మిదో పేజీలో ఒక ముక్క పడుతోంది చూశావా? అర్థంపర్థం లేకుండా, అక్షరాలూ అంకెలూ కలిసిపోయి. ప్రతి వారం అదే తప్పు. ప్రతి వారం దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి పెడుతున్నాను. మీ ఆఫీసులో ఎవరూ దిద్దరేంటమ్మాయ్?"

ఆడిటరమ్మ కాగితం మీద ఏదో రాయబోయి మానేసింది. రేపు సారు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"అత్తయ్యా," అంది తాళాలమ్మ, "ఆ ఫైళ్ళు ఇంకెవరైనా చూశారా?"

"ఎవరు చూస్తారు నా కాగితాలు? ఆ... లైబ్రరీలో పరిచయమైన ఆయన చూశాడు. నాలాగే రోజూ పేపర్లు చదవడానికి వస్తాడు. ఎంత మర్యాదస్తుడో! మాటల్లో నీ ఆసుపత్రి ఉద్యోగం గురించి చెప్పాను. తనూ కంప్యూటర్ పని నేర్చుకుంటున్నాడట, ఒక నెల కాగితాలు ఇస్తే చూసి ఇస్తానన్నాడు. ఇచ్చాను. తప్పేముంది? చెప్పినట్టే ఇవాళ తిరిగివ్వడానికి వచ్చాడు."

"ఇవాళ?"

"ఇప్పుడే. హాల్లోనే ఉన్నాడు, టీ తాగుతున్నాడు. ఈ వారంది కూడా చూస్తానంటే ప్రింటు తీస్తున్నాను. ఉండు, నువ్వే మాట్లాడు. ఏవండీ, మా కోడలు ఫోన్లో ఉంది, ఇదిగో..."

"అత్తయ్యా, వద్దు! అత్తయ్యా..."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. వెనకాల ఎక్కడో ప్రింటరు పేజీ తర్వాత పేజీ బయటికి తోస్తోంది. ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఇంటికి వెళ్ళాలంటే ఎంత తొందరగా వెళ్ళినా ముప్పావు గంట పడుతుంది.

"నమస్కారం మేడం," అంది ఒక మగ గొంతు. మెత్తగా, తొందర లేకుండా. "మీ అత్తగారు మీ గురించి ఎప్పుడూ గొప్పగా చెబుతుంటారు."

కిటికీ దగ్గర గ్లాసు నేల మీద పడింది. కోచ్ లేచి నిలబడ్డాడు. రెండంగల్లో బల్ల దగ్గరికి వచ్చి, వెడల్పాటి అరచేయి ఫోను మీద అడ్డంగా కప్పాడు.

"పెట్టేయనివ్వకండి," అన్నాడు తాళాలమ్మ చెవి దగ్గర, ఊపిరి అందనట్టు. "ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఆయన... ఆయన మా అన్నయ్యండీ."